పక్షవాతం వచ్చిన మనిషికి నిద్రలో ఊపిరి ఆగుతోందా? వార్డులోనే పట్టుకునే పద్ధతి

పక్షవాతంతో మంచాన ఉన్న మనిషి రాత్రంతా గురక పెడుతుంటే పక్కనున్నవాళ్లు ఊరట పడతారు, "పోనీలే, ఇవాళైనా ఒళ్లెరక్కుండా పడుకున్నారు" అని. ఆ గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చి, పదీ ఇరవై సెకన్లు గడిచాక, మునిగినవాడు పైకి తేలినట్టు గుప్పున ఊపిరి అందుకుంటే మాత్రం అది హాయి నిద్ర కాదు. దాన్ని స్లీప్ ఆప్నియా అంటారు. బ్రెయిన్ స్ట్రోక్ గానీ, కొద్దిసేపు వచ్చి పోయే టీఐఏ గానీ వచ్చినవారిని వరసగా పరీక్షించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే పది మందిలో సుమారు ఏడుగురికి ఇది ఎంతో కొంత ఉంటోంది, ముగ్గురికి తీవ్రంగా ఉంటోంది. అయినా చాలామంది డిశ్చార్జ్ కాగితంలో ఈ మాటే ఉండదు.

ఈ వివరాలు స్ట్రోక్ వార్డులో పనిచేసే డ్యూటీ డాక్టర్లకు, సిస్టర్లకు, ఫిజియోలకు. స్లీప్ ల్యాబ్ లేని జిల్లా ఆసుపత్రిలోనూ ఇందులో సగానికి పైగా చేయొచ్చు.

ముందు ఒక లెక్క సరిచేసుకోవాలి

మామూలు ఓపీలో స్లీప్ ఆప్నియా అనుమానం ఎలా వస్తుంది? మనిషి లావుగా ఉంటాడు, పగలు కూర్చున్నచోటే తూగుతుంటాడు, భార్య గురక గురించి ఫిర్యాదు చేస్తుంది. స్ట్రోక్ రోగిలో ఈ మూడూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. స్ట్రోక్ తర్వాత వచ్చే ఆప్నియాలో చాలామందికి పగటి మగత పెద్దగా ఉండదు, లేదా ఉన్నా "స్ట్రోక్ నీరసం" ఖాతాలోకి పోతుంది. సన్నగా ఉన్నవారికీ ఇది ఉంటుంది. మాట పడిపోయిన రోగి తన ఇబ్బంది చెప్పుకోలేడు. కాబట్టి లక్షణాలు ఉన్నవారికే పరీక్ష అనే పద్ధతి ఇక్కడ పనికిరాదు. పరీక్ష చేయడానికి వీలున్న ప్రతి రోగికీ ఒక రాత్రి రికార్డింగ్ పెట్టాలన్నదే మా అభిప్రాయం. ప్రశ్నలు ఎవరికి ముందు పెట్టాలో తేల్చడానికి ఉపయోగపడతాయి, ఎవరికి అక్కర్లేదో తేల్చడానికి కాదు.

స్టాప్-బ్యాంగ్ ప్రశ్నావళినే చూడండి. ఎనిమిది ప్రశ్నలు: పెద్ద గురక, పగటి అలసట, ఊపిరి ఆగడం ఎవరైనా చూడటం, బీపీ, బీఎంఐ 35 దాటడం, వయసు 50 దాటడం, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం, మగవారు కావడం. 3 వస్తే ఓ మోస్తరు ప్రమాదం, 5 లేదా అంతకు మించి వస్తే ఎక్కువ. ఇప్పుడు వార్డులో ఏ మంచం దగ్గరైనా ఆగండి. 58 ఏళ్ల మగ రోగి, బీపీ ఉంది. గురక ఊసెత్తకుండానే 3 వచ్చేశాయి. పక్క మంచంలో 48 ఏళ్ల సన్నటి ఆవిడ, బీపీ ఉంది, ఒంటరిగా పడుకుంటుంది కాబట్టి గురక సంగతి ఎవరికీ తెలియదు. ఆమెకు వచ్చేది 1. మొదటి అంకె మనకు కొత్తగా ఏమీ చెప్పలేదు, రెండోది అబద్ధపు ధైర్యం ఇచ్చింది. పైగా మన దేశంలో స్థూలకాయానికి హద్దు బీఎంఐ 25. 35 దాటేవారు వార్డులో అరుదు, కాబట్టి ఆ ప్రశ్నకు పాయింటు రానంత మాత్రాన మురిసిపోనక్కర్లేదు.

ఎప్‌వర్త్ స్కేలు పరిస్థితి ఇంకా ఇబ్బంది. ఎనిమిది సందర్భాల్లో కునుకు పడుతుందా అని అడిగి 24కి మార్కులు వేస్తారు, 10 దాటితే మగత ఎక్కువని అర్థం. అందులో కారు ప్రయాణం, ట్రాఫిక్‌లో ఆగిన కారు లాంటి సందర్భాలుంటాయి. కారే ఎక్కని మనిషికి, కుడిచేయి పడిపోయి మాట రాని మనిషికి ఆ ప్రశ్నలు వేసి వచ్చిన అంకెను నమ్మి పరీక్ష మానేయకండి.

అటెండెంట్ అనే పరికరం

మన వార్డుల్లో ఒక సౌకర్యం ఉంది. రోగి పక్కన రాత్రంతా ఇంటి మనిషి ఉంటారు. వారిని సరిగ్గా అడిగితే, సరిగ్గా చూడమంటే చాలా సమాచారం వస్తుంది.

"గురక ఉందా?" అని అడిగితే "అందరికీ ఉండేదేగా" అంటారు. అందుకే ఇలా అడగండి: తలుపేసినా పక్క గదిలోకి వినిపించేదా? ఊపిరి ఆగిందేమోనని భయపడి ఎప్పుడైనా తట్టి లేపారా? రాత్రిళ్లు మూత్రానికి ఎన్నిసార్లు లేచేవారు? పొద్దున లేవగానే తలనొప్పి ఉండేదా? స్ట్రోక్ మెలకువలో వచ్చిందా, తెల్లారి లేచేసరికే చేయి పడిపోయి ఉందా? ఈ ప్రశ్నలన్నీ స్ట్రోక్‌కి ముందు నెల రోజుల గురించి అడగాలి. ఆసుపత్రి నిద్ర గురించి అడిగితే జవాబులన్నీ కలగాపులగం అవుతాయి. గురక గురించి కొడుకు కంటే భార్యకే ఎక్కువ తెలుసు. ఆవిడ చాలా ఏళ్లుగా వేరే గదిలో పడుకుంటున్నారంటే కారణం కూడా అడగండి.

తర్వాత ఫోన్ వీడియో. రోగి వెల్లకిలా పడుకుని గురక పెడుతున్నప్పుడు, దుప్పటి పొట్ట కిందికి దించి, ముఖం, ఛాతీ, పొట్ట మూడూ ఒకే ఫ్రేములో పడేలా 3 నిమిషాలు తీయమనండి. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య తీస్తే మంచిది. కలల నిద్ర అప్పుడే ఎక్కువ, కండరాలు వదులై గొంతు ఎక్కువగా మూసుకుపోయేది కూడా అప్పుడే. వీడియోలో చూడాల్సింది ఒక్కటే: శబ్దం ఆగినప్పుడు పొట్ట కదులుతోందా లేదా? పొట్ట, ఛాతీ ఒకదానికొకటి ఎదురుగా గింజుకుంటూ ఉండి గాలి మాత్రం లోపలికి పోకపోతే గొంతు దగ్గర అడ్డంకి, అంటే అబ్‌స్ట్రక్టివ్ రకం. ఛాతీ, పొట్ట రెండూ నిశ్చలంగా ఉంటే మెదడు నుంచి ఆజ్ఞే రావడం లేదు, అది సెంట్రల్ రకం. ఊపిరి మెల్లగా పెరిగి, మెల్లగా తగ్గి, ఆగి, మళ్లీ మొదలయ్యే అలల తీరు చైన్-స్టోక్స్. గుండె బలహీనంగా ఉన్నవారిలోనూ, స్ట్రోక్ వచ్చిన మొదటి రోజుల్లోనూ అది కనిపిస్తుంది.

ఏ రాత్రి పెట్టాలి

మొదటి రాత్రే పెట్టాలన్న తొందర వద్దు. ఆక్సిజన్ మాస్కు మీద ఉన్న రోగికి ఊపిరి ఆగినా ఆక్సిజన్ శాతం పెద్దగా పడదు, రికార్డింగ్ శుభ్రంగా వస్తుంది, మనం మోసపోతాం. బయటి గాలితోనే 94 శాతం పైన నిలబడుతూ, స్పృహ స్థిరంగా ఉండి, జ్వరం, వాంతులు లేని రాత్రి చూసుకోండి. చాలామందికి అది మూడో రోజు నుంచి వారం లోపు వస్తుంది. (94 దాటి ఉన్న రోగికి అలవాటుగా తగిలించి ఉంచిన ఆక్సిజన్‌ను తీసేయడానికి ఇది మంచి సాకు కూడా.) డిశ్చార్జ్ తర్వాత చేద్దాంలే అని వదిలేస్తే ఆ రోగి మళ్లీ దొరకడు.

ఆక్సిమీటర్ రాత్రి

కోవిడ్ రోజుల్లో ఇంటింటా కొన్న వేలి క్లిప్పు దీనికి పనికిరాదు. ఆ సమయానికి అంకె ఎంతో చూపిస్తుంది తప్ప రాత్రంతా దాచుకోదు. ఐసీయూ మానిటర్ ట్రెండు కూడా పనికిరాదన్నది చాలామందికి తట్టని సంగతి. ఆ మానిటర్లు ఎక్కువ సెకన్ల సగటు తీసి చూపిస్తాయి, ట్రెండులో నిమిషానికో అంకె దాస్తాయి. ఇరవై ముప్పై సెకన్లలో పడి లేచే తగ్గుదల ఆ సగటులో కరిగిపోతుంది. కావాల్సింది సెకనుకో రీడింగు దాచే మెమరీ ఉన్న ఆక్సిమీటర్, సగటు వ్యవధి 3 సెకన్లు లేదా అంతకంటే తక్కువ ఉండాలి. సెట్టింగుల్లో అది చూడకుండా పెట్టకండి. చాలా యంత్రాలు 8 సెకన్ల మీదో, ఇంకా ఎక్కువ మీదో ఉంటాయి.

సాయంత్రం పాత రోగి రికార్డు చెరిపి, గడియారాన్ని వార్డు గడియారంతో సరిపోల్చి, బ్యాటరీ కొత్తది వేయండి. వేళ్లకు నెయిల్ పాలిష్ ఉంటే తుడవాలి, నల్లగా పండిన మెహందీ ఉంటే వేరే వేలు చూసుకోవాలి. ఏ చేతికి పెట్టాలన్నది స్ట్రోక్ వార్డులో ప్రత్యేక ప్రశ్న. బాగున్న చేతికి పెడితే రోగి ఆ చేత్తోనే గోక్కుంటాడు, దుప్పటి లాక్కుంటాడు, ప్రోబ్ ఊడుతుంది. పడిపోయిన చెయ్యి కదలదు కాబట్టి రికార్డింగ్ నిలకడగా వస్తుంది. కానీ వాపు ఉన్నా, చల్లగా ఉన్నా ఆ చెయ్యి వద్దు. స్పర్శ లేని వేలికి క్లిప్పు ఒత్తుకుని పుండు పడినా రోగికి తెలియదు. అందుకే వెచ్చగా, వాపు లేకుండా ఉంటేనే ఆ చేతికి, అదీ మెత్తటి చుట్టుడు ప్రోబ్‌తో పెట్టి, రోగిని పక్కకు తిప్పే ప్రతిసారీ వేలు చూడాలి. తీగను మణికట్టు దగ్గర ఒక మెలిక వేసి టేపు అంటించండి.

బీపీ కఫ్ మాత్రం రెండో చేతికే ఉండాలి. అదే చేతికి ఉంటే కఫ్ బిగిసినప్పుడల్లా రక్తం ఆగి, సరిగ్గా గంటకోసారో అరగంటకోసారో దొంగ తగ్గుదలలు వస్తాయి. రిపోర్టులో తగ్గుదలలన్నీ గడియారం ముల్లు కొట్టినట్టు సమాన దూరంలో ఉంటే ముందు కఫ్‌నే అనుమానించండి.

మంచం దగ్గర ఒక కాగితం వేలాడదీయండి. రోగి ఎన్నింటికి పడుకున్నాడు, ఎన్నింటికి వెల్లకిలా, ఎప్పుడు ఏ పక్కకు తిప్పారు, ఎప్పుడు మెలకువగా ఉన్నాడు, నిద్రమాత్ర ఏదైనా ఇచ్చారా. ఈ కాగితం లేని రికార్డింగుకు సగం విలువే.

పొద్దున గ్రాఫ్ చదవడం

యంత్రం ఇచ్చే అంకె చూసే ముందు గ్రాఫ్ చూడండి. నిజమైన తగ్గుదల పది నుంచి ముప్పై సెకన్లలో వాలుగా దిగి, ఊపిరి అందగానే నిటారుగా లేస్తుంది. అలాంటివి వరసగా వస్తే గ్రాఫ్ రంపపు పళ్లలా ఉంటుంది. చాలామందిలో తగ్గుదల చివర నాడి వేగం కూడా పెరుగుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పడం) ఉన్నవారిలో, బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలో ఈ నాడి గుర్తును నమ్ముకోలేం. 97 నుంచి ఒక్క దూకుతో 60కి పడి, నాడి అంకె కూడా మాయమై, మరు సెకనులోనే 97కి వస్తే అది ప్రోబ్ జారడం. అలాంటి భాగాలు తీసేసి మళ్లీ లెక్కకట్టాలి.

ఉదాహరణకు మొత్తం రికార్డింగ్ 6 గంటల 20 నిమిషాలు. ప్రోబ్ ఊడినవి, రోగి మేలుకుని కూర్చున్నవి కలిపి 50 నిమిషాలు తీసేశాం. మిగిలింది ఐదున్నర గంటలు. 4 శాతం లేదా అంతకు మించి పడిన తగ్గుదలలు 121. 121ని 5.5తో భాగిస్తే గంటకు 22. ఇదే ఓడీఐ (ఆక్సిజన్ డీశాచురేషన్ ఇండెక్స్), అంటే గంటకు ఎన్నిసార్లు ఆక్సిజన్ పడిందన్న లెక్క. 3 శాతం తగ్గుదలలు లెక్కిస్తే అంకె పెరుగుతుంది కాబట్టి ఏ శాతంతో లెక్కించారో రిపోర్టులో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు.

కనీసం 4 గంటల శుభ్రమైన రికార్డింగ్ లేకపోతే తీర్పు ఇవ్వకండి, మర్నాడు మళ్లీ పెట్టండి. 4 శాతం ఓడీఐ 15 దాటితే ఆప్నియా ఉందనే అనుకుని డిశ్చార్జ్‌కి ముందే తర్వాతి పరీక్షకు పంపాలి. 5 నుంచి 14 మధ్య ఉంటే, ముఖ్యంగా మూడు మందులు వేసినా బీపీ దిగని రోగి అయితే, పంపాలి. 5 లోపు వస్తే కాగితం తీసి చూడండి. రాత్రంతా పక్కకు తిప్పి పడుకోబెట్టారా, అసలు నిద్రపోయాడా? వెల్లకిలా నిద్రపోయిన సమయం ఒక్క గంట కూడా లేకపోతే ఆ మంచి ఫలితం మీద మరీ భరోసా వద్దు. ఊపిరితిత్తుల జబ్బుతో మొదటి నుంచీ 90 దగ్గరే ఉండే రోగిలో కొద్దిపాటి మార్పుకే అంకె దబ్బున పడుతుంది, కాబట్టి అక్కడ ఓడీఐ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

లెవెల్ 3 పరికరం: స్ట్రోక్ రోగిలో ఎక్కడ తప్పుతుంది

ముక్కు దగ్గర గాలి పీడనం పట్టే సన్నటి గొట్టం, ఛాతీకీ పొట్టకీ బెల్టులు, వేలికి ఆక్సిమీటర్. మంచం దగ్గరే పెట్టగల ఈ పరికరంతో అడ్డంకి రకమా, మెదడు రకమా అన్నది కూడా తేలుతుంది. గాలి ప్రవాహం 90 శాతం లేదా అంతకు మించి తగ్గి కనీసం 10 సెకన్లు ఉంటే ఆప్నియా. కనీసం 30 శాతం తగ్గి, దానితోపాటు ఆక్సిజన్ 3 లేక 4 శాతం పడితే హైపోప్నియా. రెండూ కలిపి గంటకు 5 నుంచి 14 స్వల్పం, 15 నుంచి 29 మధ్యస్థం, 30 ఆపైన తీవ్రం.

చిక్కల్లా ఆ ముక్కు గొట్టంతోనే. ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబ్ ఉన్న రోగికి ఒక ముక్కు రంధ్రం ఇప్పటికే నిండి ఉంటుంది. గొట్టం కొసలు ట్యూబ్‌కి ఆని వంగితే సిగ్నల్ చిక్కిపోయి రాత్రంతా హైపోప్నియాలే కనిపిస్తాయి. ముఖం ఒక పక్క వాలిన రోగి నోరు తెరుచుకుని ఊపిరి తీస్తాడు. ముక్కు దగ్గర గీత చదునుగా ఉంటుంది, బెల్టులు హాయిగా కదులుతుంటాయి, ఆక్సిజన్ పడదు. యంత్రం దాన్ని ఆప్నియా అని లెక్కిస్తుంది. అందుకే ఆటోమేటిక్ స్కోరును యథాతథంగా రిపోర్టులోకి ఎక్కించవద్దు, మనిషి కూర్చుని ఒక్కో పేజీ చూడాల్సిందే. ఆక్సిజన్ తగ్గుదల ఊపిరి ఆగిన చోటు కంటే ఇరవై ముప్పై సెకన్లు వెనగ్గా కనిపిస్తుందన్నది గుర్తుంచుకోండి.

ఈ పరికరానికి నిద్ర ఎప్పుడు, మెలకువ ఎప్పుడు తెలియదు. రికార్డింగ్ గంటలన్నిటితో భాగిస్తుంది. రెండు గంటలకోసారి పక్కకు తిప్పే వార్డులో రోగి సగం రాత్రి మెలకువగానే ఉంటాడు, కాబట్టి అసలు కంటే తక్కువ అంకె వస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాల్లో, స్ట్రోక్ వచ్చినవారికి ఇంటి పరీక్ష కంటే ల్యాబ్‌లో పూర్తి పాలీసోమ్నోగ్రఫీ (నిద్రతో పాటు ఊపిరినీ రాత్రంతా రికార్డు చేసే పరీక్ష) మంచిదనడం ఊరికే కాదు. కానీ ల్యాబ్ వందల కిలోమీటర్ల దూరంలో ఉండి, రోగిని వీల్‌చైర్ నుంచి దింపాలంటే ఇద్దరు కావాల్సిన చోట, ల్యాబే కావాలని పట్టుబడితే అసలు ఏ పరీక్షా జరగదు. మంచం దగ్గర పరీక్షలో స్పష్టంగా పాజిటివ్ వస్తే దాన్ని నమ్మండి. నెగెటివ్ వచ్చి అనుమానం బలంగా ఉంటే, సెంట్రల్ రకం సగానికి మించి ఉంటే, గుండె వైఫల్యం ఉంటే, రక్తంలో బైకార్బొనేట్ 27 దాటి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటోందనిపిస్తే అప్పుడు ల్యాబ్‌కి పంపండి. తొలి రోజుల్లో కనిపించిన సెంట్రల్ ఆప్నియా వారాల్లో తగ్గడం మామూలే, మూడు నెలలకు మళ్లీ పరీక్షించాలి. అడ్డంకి రకం అలా ఊరికే పోదు.

పాజిటివ్ వచ్చిన రాత్రి నుంచే

మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే సీపాప్ యంత్రం వచ్చేవరకూ చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కేస్ షీటు మీద పెద్ద అక్షరాలతో రాసి, అల్ప్రాజోలామ్ లాంటి నిద్రమాత్రలు, నొప్పికి ట్రమడాల్ అలవాటుగా రాయడం ఆపాలి. బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ పెంచినప్పుడు ఆ వారం రాత్రి ఊపిరి గమనించాలి. వెల్లకిలా కాకుండా పక్కకు పడుకోబెట్టి, వీపు వెనక దుప్పటి చుట్టి ఆనించండి. పడిపోయిన వైపు పడుకోబెడితే ఆ భుజాన్ని కొంచెం ముందుకు లాగి ఉంచాలి, బాగున్న వైపు అయితే పడిపోయిన చేతి కింద దిండు పెట్టాలి. తల వైపు మంచం 30 డిగ్రీలు లేపండి గానీ తల కింద రెండు దిండ్లు వద్దు. గడ్డం ఛాతీకి ఆనితే గొంతు ఇంకా మూసుకుంటుంది.

సీపాప్ మొదలుపెట్టే ముందు మూడు చూడాలి: మింగగలుగుతున్నాడా, దగ్గగలుగుతున్నాడా, బాగున్న చేత్తో మాస్కు తానే లాగేసుకోగలడా. మూడోది రానివారికి నోరూ ముక్కూ మూసే మాస్కు ప్రమాదం. వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మగతగా ఉన్నవారికి, వాంతులవుతున్నవారికి వద్దు. పుర్రె ఎముక తీసిన ఆపరేషన్ జరిగినవారికి సర్జన్ మాట లేకుండా పెట్టకూడదు. మిగిలినవారికి ముక్కు మాస్కుతో, పగటిపూట మెలకువలో అరగంట అలవాటు చేసి, ఆ తర్వాతే రాత్రి పెట్టండి. గుండె పంపింగ్ 45 శాతం లేదా అంతకంటే తక్కువ ఉండి సెంట్రల్ ఆప్నియా ఉన్నవారికి ఏఎస్‌వీ (ఊపిరి తీరును బట్టి గాలి ఒత్తిడి తానే మార్చుకునే) రకం యంత్రం వాడకూడదు. 2015లో వచ్చిన సర్వ్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో దానివల్ల గుండె మరణాలు పెరిగాయి.

కుటుంబానికి చెప్పేటప్పుడు "ఇది పెట్టుకుంటే మళ్లీ స్ట్రోక్ రాదు" అని మాట ఇవ్వకండి. 2016లో వెలువడిన సేవ్ అధ్యయనంలో 2,700 మందికి పైగా గుండె, మెదడు రక్తనాళాల జబ్బుల వారిని చూశారు. సీపాప్‌తో కొత్త గుండెపోట్లు, స్ట్రోకులు తగ్గలేదు. అందులో రోగులు రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారన్నదీ నిజమే. అందుకే 2021 నాటి అమెరికన్ స్ట్రోక్ మార్గదర్శకాలు ఈ పరీక్షను "ఆలోచించవచ్చు" అన్న మెత్తటి మాటతో వదిలాయి. బీపీ కొంత దిగుతుంది, గురక, పగటి మగత తగ్గుతాయి, తెరిపిన పడిన మనిషి ఫిజియోకి సహకరిస్తాడు. ఇంతవరకూ చెప్పండి, చాలు.

డిశ్చార్జ్ కాగితంలో ఒక్క వాక్యం ఇలా ఉండాలి: "ఆరో రోజు రాత్రి బయటి గాలితో ఆక్సిమెట్రీ, ఐదున్నర గంటలు, 4 శాతం ఓడీఐ 22, ఎక్కువ వెల్లకిలా ఉన్నప్పుడే, నిద్రమాత్రలు వద్దు, మూడు నెలలకు మళ్లీ పరీక్ష, మత్తు ఇచ్చే ఏ ఆపరేషన్‌కైనా ముందు డాక్టరుకు చూపాలి." దాని కింద రాత్రి పక్కన పడుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు రాసుకోండి. మూడు నెలలకు ఫోన్ చేయాల్సింది రోగికి కాదు, వారికి.